డేటాబేస్‌లన్నీ ఒక్క పూటలో కలిపేయడం ఎలా?

హైదరాబాద్‌లో తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చుట్టూ డేటానే. జామై ఉస్మానియా వైపు వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ. ఉప్పల్ రోడ్డు మీద రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ. ఒక్క స్టేషన్ ముందుకెళ్తే హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. ఇటు లాలాపేట్, అటు ఉస్మానియా క్యాంపస్. కాస్త దూరమైనా రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉండనే ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో పట్టిక, ఒక్కో నెంబరు, ఒక్కో పేరు. వీటన్నిటినీ లింక్డ్ డేటా పద్ధతిలో కలిపెయ్యమని మీ గైడ్ మీకు అప్పజెప్పారంటే మీ పంట పండినట్టే. ల్యాబ్‌లో ఇంతకన్నా హాయైన పని ఇంకోటి లేదు. పిప్పెట్ పట్టక్కర్లేదు, ఎలుకలకు ఆదివారం మేత వెయ్యక్కర్లేదు, తప్పు జరిగినా ఏదీ పేలదు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రతి వస్తువుకూ వెబ్‌లో ఒక చిరునామా ఇస్తారు, దాన్ని యూఆర్‌ఐ అంటారు. ప్రతి సంగతినీ మూడు ముక్కల వాక్యంగా రాస్తారు: ఈ వరి రకంలో, ఉంది, ఈ జన్యువు. దీని పేరు ట్రిపుల్. ఇలా రాసే పద్ధతి ఆర్‌డీఎఫ్, 1999లో ప్రమాణమైంది. అడగడానికి వాడే భాష స్పార్కల్, అది 2008లో. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ 2006లో నాలుగు సూత్రాలు చెప్పాడు: వస్తువులకు యూఆర్‌ఐలు పెట్టండి, అవి బ్రౌజర్‌లో తెరుచుకునేలా చూడండి, తెరిస్తే పనికొచ్చే సమాచారం ఇవ్వండి, ఇతరుల డేటాకు లింకులు పెట్టండి. మీకు కావలసింది నాలుగోది ఒక్కటే. మిగతా మూడూ పాటిస్తూ కూర్చుంటే ఫెలోషిప్ అయిపోతుంది.

ఇక మొదలుపెట్టండి.

1. వరి పట్టుకోండి.

పేర్లు ఎంత కలగాపులగంగా ఉంటే కలపడం అంత తేలిక. ఆ లెక్కన మన తెలుగు నేలమీద వరిని మించిన పంట లేదు. సాంబ మసూరి బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టింది, దాని నెంబరు బీపీటీ 5204. సోనా మసూరి కూడా బాపట్లదే, కాని అది వేరే రకం, బీపీటీ 3291. తెలంగాణ సోనా రాజేంద్రనగర్‌ది, ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసినది, 2008లో విడుదలైంది, దానికి ఆర్‌పీ బయో 226 అని ఇంకో పేరు. తల్లిదండ్రులు వేరు, నెంబర్లు వేరు, గుణాలు వేరు.

ఇదంతా మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లాలాపేట్‌లో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లండి. బస్తా మీద సోనా మసూరి అని రాసి ఉంటే లోపల ఏ సన్నబియ్యం ఉందని ఎవరూ నిలదీయరు. అన్నం తెల్లగా, పొడిపొడిగా ఉంటే చాలు. కొట్టువాడికి లేని పట్టింపు మీకెందుకు? నాలుగు రకాలనూ ఒక్క వరుసలోకి తెండి. పట్టిక పొట్టిదవుతుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, గైడ్ మెచ్చుకుంటారు.

2. నెంబర్లు వదిలెయ్యండి, పేర్లతో కలపండి.

నెంబరు మొండిది. 5204, 3291తో ఎప్పటికీ కలవదు. పేరు అలా కాదు, చెప్పినట్టు వింటుంది. మసూరిని ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు కదా, ఆ స్పెల్లింగులన్నిటినీ దగ్గర చేసే ఫజీ మ్యాచింగ్ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పోలిక పరిమితిని బాగా కిందికి దించి రన్ కొట్టి టీకి వెళ్లండి. వచ్చేసరికి సోనా, సాంబ, తెలంగాణ సోనా అన్నీ చేతులు పట్టుకుని ఉంటాయి.

కందికి కూడా ఇదే మంత్రం. ఇక్రిశాట్ వాళ్ల ఐసీపీఎల్ 87119 అనే రకాన్ని రైతులు ఆశ అంటారు. 2011లో బయటికొచ్చిన కంది జన్యుక్రమం ఈ ఆశ మీద చేసిన పనే. మీరు నెంబరు తీసేసి ఆశ అన్న మాటతో వెతికిస్తే ఆరోగ్య శాఖ పట్టికల్లోని ఆశా కార్యకర్తలంతా కంది మొక్కలతో వచ్చి కలుస్తారు. చాలామంది ఇక్కడ కంగారుపడి వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. వ్యవసాయాన్నీ ప్రజారోగ్యాన్నీ ఇంత గట్టిగా ముడివేసిన డేటాసెట్ ఇంకెవరి దగ్గరా లేదు. వార్షిక నివేదికలో ఇంటర్‌డిసిప్లినరీ అనే శీర్షిక కింద దీన్నే మొదట పెట్టండి.

రాగుల విషయంలో మాత్రం జాగ్రత్త. తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్లు, మధ్యలో రాగులు. నిజంగా ఒకే ధాన్యమైన ఈ మూడింటినీ కలపాలంటే ఎవరో ఒకరు కూర్చుని పర్యాయపదాల జాబితా రాయాలి. అది శ్రమ. మూడు వేర్వేరు పంటలుగా వదిలెయ్యండి, పంటల సంఖ్య కూడా పెరుగుతుంది.

3. ఎక్కడ చూసినా సేమ్‌యాజ్ పెట్టండి.

ఈ వ్యాసంలో ఒక్క చిట్కానే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. లింక్డ్ డేటాలో సేమ్‌యాజ్ అనే సంబంధం ఉంది. ఇదీ అదీ రెండూ ఒకే వస్తువు అని దానర్థం. మెత్తని సంబంధాలు కూడా ఉన్నాయి: దగ్గరి పోలిక, దీనికన్నా విస్తృతమైనది, దీంట్లోంచి పుట్టినది, దీంట్లో ఒక భాగం. అవి వాడాలంటే ప్రతి జతనూ చూసి ఆలోచించాలి. ఏది దేంట్లోంచి పుట్టిందో తెలుసుకోవాలి, పాత కాగితాలు తిరగెయ్యాలి. సేమ్‌యాజ్‌కు ఆలోచన అక్కర్లేదు.

పైగా దాని అసలు బలం వేరే. అది ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పనిచేస్తుంది, గొలుసులా పాకుతుంది కూడా. సాంబ మసూరి, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఒకటే అని మీరు రాస్తారు. సాంబ మసూరి, సోనా మసూరి ఒకటే అని మీ జూనియర్ రాస్తాడు. సోనా మసూరి, తెలంగాణ సోనా ఒకటే అని ఫజీ మ్యాచింగ్ రాస్తుంది. నాలుగూ ఒకటే అని ఎవరూ చెప్పలేదు. అయినా లింకుల్లోంచి కొత్త వాక్యాలు రాబట్టే రీజనర్ ప్రోగ్రాం నడవగానే నాలుగూ ఒకటైపోతాయి. ఒకదాని గుణాలన్నీ మిగతా మూడింటికీ వచ్చేస్తాయి.

దీని ఫలితం ఎంత గొప్పదో చూడండి. సాంబ మసూరికి పాపం బాక్టీరియా ఎండాకు తెగులంటే పడదు. సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మూడు నిరోధక జన్యువులను క్రాసింగులతో ఆ రకంలోకి తెచ్చి, తరం తర్వాత తరం డీఎన్‌ఏ మార్కర్లతో ఏరి, రుచీ సన్నదనమూ పోకుండా కాపాడి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి చేశారు. ఏళ్ల తరబడి పట్టిన పని. మీరు అదే ఫలితాన్ని ఒక్క ట్రిపుల్‌తో సాధిస్తున్నారు. ఈ సాయంత్రం నుంచి మీ డేటాబేస్‌లో మామూలు బీపీటీ వేసిన ప్రతి రైతూ తెగులును తట్టుకునే వరి పండిస్తున్నట్టే. పొలంలోకి దిగలేదు, బురద తొక్కలేదు.

అలాగే గ్లైసీమిక్ ఇండెక్స్. తెలంగాణ సోనాకు అది 55కన్నా తక్కువ, అందుకే షుగర్ ఉన్నవాళ్లు దాన్ని పనిగట్టుకుని వెతికి కొంటారు. మీ గొలుసు పుణ్యమా అని ఆ అంకె సోనా పేరున్న ప్రతి బస్తాకూ అంటుకుంటుంది. నగరంలో షుగర్ పేషెంట్లందరికీ ఇష్టమైన బియ్యం తినే వీలు కల్పించినవారవుతారు. ఆహార సలహా ఇచ్చే ఏదైనా యాప్ మీ డేటాను వాడుకుందంటే మీ పేరు వంటింటిదాకా వెళ్లినట్టే.

లెక్క కోసం కూడా ఇది మంచిదే. వంద పేర్లను సేమ్‌యాజ్‌తో కట్టేస్తే రీజనర్ వాటిలోంచి పది వేల వాక్యాలు పుట్టిస్తుంది. యూనిప్రాట్ లాంటి ప్రొటీన్ డేటాబేస్ దగ్గర వేల కోట్ల ట్రిపుల్స్ ఉన్నాయి, ఒక్కొక్కదాని వెనకా క్యూరేటర్లో, ప్రోగ్రాములో, పరీక్షలో ఉన్నాయి. మీకు అంత బలగం లేదు. సేమ్‌యాజ్ ఉంది.

4. అక్షరాలన్నీ పెద్దవి చేసెయ్యండి.

ఆ మూడు నిరోధక జన్యువుల పేర్లు ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. మొదటిదాన్ని పెద్ద ఎక్స్‌తో, మిగతా రెంటినీ చిన్న ఎక్స్‌తో రాస్తారు. పెద్ద ఎక్స్ అంటే బహిర్గత జన్యువు, ఒక్క ప్రతి ఉన్నా నిరోధకత వస్తుంది. చిన్న ఎక్స్ అంటే అంతర్గతం, రెండు ప్రతులూ ఉంటేనే పనిచేస్తుంది. బ్రీడర్ ఏ మొక్కను ఉంచాలో, ఏది పీకెయ్యాలో ఈ తేడాను బట్టే తేలుతుంది.

కంప్యూటర్‌కు మాత్రం పెద్దా చిన్నా కలిసి ఉంటే చికాకు. డేటా క్లీనింగ్‌లో మొట్టమొదటి పనిగా అన్నిటినీ పెద్దక్షరాల్లోకి మార్చండి. ఒక్క కమాండ్. మూడూ ఒకే తీరులో వరుసగా నిలబడతాయి. తర్వాత ఎవరైనా సగం వారసత్వం ఉన్న మొక్కలను నిరోధకమని నమ్మి నాటుకుంటే అది బ్రీడింగ్ విభాగం సంగతి. మీది బయోఇన్ఫర్మాటిక్స్.

5. జన్యువు నెంబర్లను కత్తిరించి అతికించండి.

వరి జన్యువులకు రెండు నెంబరింగ్ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి జపాన్ వాళ్ల రాప్ డేటాబేస్‌ది, ఇంకోటి అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానిది. రెండూ నిప్పన్‌బారే అనే ఒకే వరి రకం జన్యుక్రమం మీదే కట్టినవి, 2005లో అంతర్జాతీయ బృందం పూర్తిచేసిన క్రమం అది, మన దేశమూ అందులో పాల్గొంది. క్రోమోజోమ్ నెంబరు రెంటిలోనూ ఒకటే కనిపిస్తుంది, ఆ తర్వాతి అంకెలు మాత్రం కలవవు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడానికి రాప్ వాళ్లే మార్పిడి పట్టిక ఇస్తున్నారు. డౌన్‌లోడ్ చేసి చూస్తే ఒక జన్యువుకు రెండు జతలు, కొన్నిటికి అసలు జత లేకపోవడం, ఇలాంటి తలనొప్పులు కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చెయ్యకండి. క్రోమోజోమ్ నెంబరు కలిసిందా, ముందున్న రెండు మూడు అంకెలు దగ్గరగా ఉన్నాయా, అంతే. జత కట్టెయ్యండి.

ఎక్స్‌ఏ21 దగ్గర మీకు ఒక చిక్కు వస్తుంది. అది ఒరైజా లాంగిస్టామినాటా అనే ఆఫ్రికా అడవి వరిలోంచి వచ్చింది. నిప్పన్‌బారేలో పనిచేసే ఎక్స్‌ఏ21 లేదు, కాబట్టి దానికి సరైన నెంబరూ ఆ పట్టికల్లో దొరకదు. నిజాయితీపరులు ఆ గడిని ఖాళీగా ఉంచుతారు. ఖాళీ గడి చూస్తే పరీక్షకులు ప్రశ్నలు అడుగుతారు. పదకొండో క్రోమోజోమ్ మీద దానికి చుట్టాల్లాంటి జన్యువులు చాలా ఉన్నాయి, ఏదో ఒకదాని నెంబరు రాసెయ్యండి.

6. అన్నిటినీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టండి.

తెరవగానే ఎక్సెల్ మీ బదులు ఆలోచించడం మొదలుపెడుతుంది. మనిషి జన్యువుల్లో సెప్ట్, మార్చ్ అని మొదలయ్యేవి ఉండేవి, వాటిని అది తేదీలుగా మార్చేది. మధ్యలో ఇంగ్లిషు ఈ అక్షరం, దాని చుట్టూ అంకెలు ఉన్న ప్రొటీన్ నిర్మాణాల కోడ్‌లను పెద్ద పెద్ద సంఖ్యలుగా మారుస్తుంది. 2016లో జరిగిన ఒక పరిశీలనలో, జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన వ్యాసాల్లో సుమారు ఐదింట ఒకదానిలో ఇలాంటి మార్పులు దొరికాయి. చివరికి 2020 నాటికి జన్యువుల పేర్లు నిర్ణయించే సంఘమే దిగివచ్చి ఆ జన్యువులకు కొత్త పేర్లు పెట్టింది. చూశారా, మనం పట్టుదలగా ఉంటే ప్రపంచమే మారుతుంది. పాత పేర్లున్న ఫైళ్లనే వాడండి, సేవ్ చెయ్యమంటారా అని అడిగినప్పుడల్లా అవునని నొక్కండి.

7. పోషకాహార పట్టికలను ఇలా కలపండి.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార కూర్పు పట్టికలు తెచ్చింది. 528 ఆహార పదార్థాలు, 151 అంశాలు, దేశాన్ని ఆరు ప్రాంతాలుగా చేసి నమూనాలు తెప్పించి పరీక్షించిన పని. అంతకుముందు దశాబ్దాలుగా డైటీషియన్ల చేతుల్లో ఉన్నది గోపాలన్ గారి పాత పుస్తకం. రెండూ తార్నాక పంటలే కాబట్టి రెండూ ఒకటేనని ధైర్యంగా చెప్పెయ్యవచ్చు.

పాత పుస్తకంలో మిల్లాడిన పచ్చి బియ్యానికి 100 గ్రాములకు 345 అని ఉంటుంది. కొత్త పట్టికలో దాదాపు 1490. పాతది కిలోక్యాలరీల్లో, కొత్తది కిలోజౌల్స్‌లో. 4.184తో భాగిస్తే రెండూ దగ్గరకొస్తాయి. భాగించకండి. యూనిట్ అనే కాలమ్‌ను తీసేసి రెండు అంకెలనూ శక్తి అనే ఒకే సంబంధం కింద పెట్టండి, సగటు తీసే పని స్పార్కల్ చూసుకుంటుంది. వచ్చిన అంకెను చూసి ఒక్క గిన్నెడు అన్నంతో రోజంతా గడిచిపోతుందని ఎవరైనా డైట్ చార్ట్ రాస్తే, బియ్యం ఆదా అయినట్టే కదా.

ఇంకో సంగతి. ఆ పట్టికలో బియ్యం అని ఉన్నది ఏ ఒక్క వరి రకమో కాదు, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన నమూనాల మీద తేల్చిన విలువ. కాబట్టి ఒక రకాన్ని దానికి కలపాలంటే పట్టికలోని బియ్యం ఆ రకంకన్నా విస్తృతమైనది అని రాయాలంటారు కొందరు. మీరు మూడో చిట్కా గుర్తుచేసుకోండి. సేమ్‌యాజ్ పెడితే బీపీటీ, భారతదేశపు బియ్యమంతా ఒకటే అవుతుంది, దాంతో పాటే మిగతా వేల రకాలూ. దేశ సమైక్యతకు ఇంతకన్నా ఏం కావాలి?

8. చిరునామాలు మీ ల్యాప్‌టాప్ మీద పెట్టండి.

ప్రాజెక్టులు పోయినా చిరునామాలు నిలవాలని డబ్ల్యూ3ఐడీ, పర్ల్ లాంటి సేవలు ఉచితంగా ఉన్నాయి. అక్కడ నమోదు చేసుకుంటే రేపు సర్వర్ మారినా లింకు తెగదు. అంటే రేపు మీ తప్పు కూడా తెగదు. ఆ గొడవ మీకొద్దు. మీ ల్యాప్‌టాప్‌లో సర్వర్ ఎక్కించి లోకల్‌హోస్ట్ అనే చిరునామాతోనే యూఆర్‌ఐలన్నీ తయారుచెయ్యండి. మీ ముందు తెరిస్తే చక్కగా తెరుచుకుంటాయి. ఇంకెవరి మెషీన్ మీదా తెరుచుకోవు, కాబట్టి ఫిర్యాదులు రావు. హాస్టల్‌లో కరెంటు పోతే ప్రపంచ విజ్ఞానం కాసేపు ఆగుతుంది, పరవాలేదు.

అంతకన్నా తేలిక, ఖాళీ నోడ్‌లు. వస్తువుకు పేరే పెట్టకుండా ఇక్కడొకటి ఉంది అని మాత్రం రాయడానికి ఆర్‌డీఎఫ్ ఒప్పుకుంటుంది. పేరు లేనిదాన్ని ఎవరూ బయటి నుంచి వేలెత్తి చూపలేరు. మీ డేటాలో సగం ఇలా ఉంచండి.

9. ఎక్కడి నుంచి తెచ్చారో రాయకండి.

ప్రతి వాక్యం ఏ పట్టికలోంచి, ఏ తేదీన, ఏ వెర్షన్‌లోంచి వచ్చిందో రాసిపెట్టడానికి ప్రావ్ అనే ప్రమాణం 2013 నుంచి ఉంది. ఒకసారి రాస్తే మీ చేతులు కట్టేసినట్టే, ఎందుకంటే ఎవరైనా వెనక్కి వెళ్లి చూడగలుగుతారు. మూలం చెప్పని డేటాకు ఒక హుందాతనం ఉంటుంది, అది తనంతట తనే నిజంలా కనిపిస్తుంది.

ఇదే సూత్రం పాత పేర్లకు కూడా. ఎండాకు తెగులు బాక్టీరియాను ఒకప్పుడు జాంతోమోనాస్ క్యాంపెస్ట్రిస్‌లో ఒక విభాగంగా చూసేవారు, 1990లో జాంతోమోనాస్ ఒరైజే అని విడదీశారు. క్యాంపెస్ట్రిస్ అనే పేరు క్యాబేజీ నల్ల కుళ్లు తెప్పించే దానికి ఇప్పటికీ ఉంది. పాత వ్యాసాలను తేదీలు లేకుండా పోస్తే క్యాబేజీ తెగులూ వరి తెగులూ ఒకే ముద్దవుతాయి. ముద్ద ఎంత పెద్దదైతే తెరమీద గ్రాఫ్ అంత నిండుగా ఉంటుంది.

10. ఎవరినీ అడగకండి.

ఇది తార్నాకలో మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ అడగడం భయంకరమైనంత సులువు. పోషకాహార పట్టిక గురించి తెలిసినవారు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు. వరి జన్యువుల గురించి తెలిసినవారు ఒక్క మెట్రో స్టేషన్ అవతల. వెళ్లి అడిగారంటే వాళ్లు కుర్చీ వేసి, టీ ఇచ్చి, మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి మీ పట్టికలో ఒక్కొక్క వరుసా చదువుతారు. సాయంత్రానికి మీ లింకుల్లో సగం పోతాయి. నేను చూసిన మంచి ప్రాజెక్టులు చాలా ఇలా టీ దగ్గరే చచ్చిపోయాయి.

గైడ్ వెళ్లి అడగమని పంపితే ఈ మాటలు దగ్గర పెట్టుకోండి, వరుస మార్చి వాడండి: 

"సార్, మేడమ్ ఫీల్డ్‌కు పోయిన్రట సార్, వచ్చే వారం వస్తరట."

"మెయిల్ పెట్టిన సార్, రిప్లై రాలే."

"డేటా షేరింగ్‌కు ఎంఓయూ కావాలంటున్నరు సార్, ఫైల్ మూవ్ చెయ్యాలె."

మూడోది మహత్తరమైనది. ఎంఓయూ అన్న మాట వినగానే ఏ గైడ్ అయినా ఇక ఆ విషయం ఎత్తరు.

11. డెమోను ఇలా గట్టెక్కించండి.

ముందే ఒక్క ప్రశ్న రాసి పెట్టుకోండి, జవాబు కూడా తెచ్చి దాచుకోండి. పది ఫలితాలకు పరిమితి పెట్టండి. పదకొండోది ఎప్పుడూ ప్రమాదమే. రివ్యూ కమిటీలో ఎవరైనా సొంత ప్రశ్న అడుగుతామంటే ప్యాటర్న్ అంతటినీ ఆప్షనల్ అనే పదంలో చుట్టండి, అప్పుడు ఏమీ దొరకకపోయినా ఫలితాలు సున్నా అని రాదు, ఒక ఖాళీ వరుస మర్యాదగా వస్తుంది. ఆ తర్వాత వృత్తాలూ గీతలూ నిండిన నెట్‌వర్క్ బొమ్మ చూపించండి. బొమ్మ మీద పేర్లు చదివేంత పెద్దగా ఉండకూడదు. రంగులు మాత్రం బాగా ఉండాలి.

ఎన్ని నక్షత్రాలు అని అడిగితే తడబడకండి. బెర్నర్స్‌లీ 2010లో ఓపెన్ డేటాకు ఐదు నక్షత్రాల మెట్లు పెట్టాడు. ఓపెన్ లైసెన్స్‌తో ఏ రూపంలో పెట్టినా మొదటి నక్షత్రం వస్తుంది, స్కాన్ చేసిన పీడీఎఫ్ అయినా సరే. స్లైడ్ మీద స్టార్ రేటెడ్ అని రాయండి, ఎన్నో రాయకండి. డేటా నిర్వహణకు 2016 నుంచి అందరూ అడుగుతున్న ఫెయిర్ సూత్రాలకు కూడా ఇదే మర్యాద: స్లైడ్ మూల లోగో పెట్టండి.

డేటాను జాతీయ భాండాగారంలో జమచేశారా అని కూడా అడగవచ్చు. 2021లో బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాలు వచ్చాయి, 2022లో ఫరీదాబాద్‌లో ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ మొదలైంది. ప్రాసెస్‌లో ఉంది అని చెప్పండి. జమచేస్తే అక్కడివాళ్లు మెటాడేటా అడుగుతారు. తొమ్మిదో చిట్కా పాటించినవారి దగ్గర అది ఉండదు.

12. ఫిర్యాదు వస్తే.

రావడానికి చాలా రోజులు పడుతుంది, అందుకే తొందర లేదు. ఒకవేళ బ్రీడర్ ఫోన్ చేసి ఈ మొక్కకు తెగులు వచ్చింది, మీ డేటా నిరోధకం అంటోంది అంటే, వాతావరణం గురించి అడగండి. డైటీషియన్ ఫోన్ చేసి ఆ ఇండెక్స్ ఆ బియ్యానిది కాదు అంటే, ఏ ల్యాబ్‌లో టెస్ట్ చేశారని అడగండి. ఎవరైనా మీ రెండు రకాలూ ఒకటి కావు అంటే, డేటా అలా చెప్తోంది అనండి. సేమ్‌యాజ్ పెట్టింది మీరేనని డేటాలో ఎక్కడా లేదు.

మీ లింకులను వేరేవాళ్లు తమ డేటాబేస్‌లోకి కాపీ చేసుకునేదాకా ఓపిక పట్టండి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆగ్రోఎల్‌డీ అనే వేదిక వరి లాంటి పంటల సమాచారాన్ని ఆర్‌డీఎఫ్‌గా కలుపుతోంది, కెనడాలో మొదలైన బయో2ఆర్‌డీఎఫ్ 2008 నాటి నుంచే జీవశాస్త్ర డేటాబేస్‌లను ఈ పద్ధతిలోకి తెచ్చింది. ఇలాంటి చోట్ల పనిచేసేవారు ఒక్కో లింకును జల్లెడ పడతారు, వాళ్ల జోలికి వెళ్లకండి. మీలాగే గడువు దగ్గరపడ్డ పక్క ల్యాబ్ వాళ్లను చూసుకోండి. వాళ్లు తీసుకున్నాక, వాళ్ల పట్టికను మీరు మళ్లీ దిగుమతి చేసుకోండి. అప్పుడు మీ మాటకు స్వతంత్రమైన రెండో ఆధారం దొరికినట్టే. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా రెండు డేటాబేస్‌లు అదే చెప్తున్నాయి అని చెప్పవచ్చు.

13. వెళ్లేటప్పుడు.

ఫెలోషిప్ చివరి నెలలో ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి స్టోర్స్‌లో అప్పజెప్పి నో డ్యూస్ తీసుకోండి. పాస్‌వర్డ్ జూనియర్‌కు నోటితో చెప్పండి, చెవిలో పడ్డా పడకపోయినా మీ బాధ్యత తీరుతుంది. వెంటనే కొత్త ప్రపోజల్ వెయ్యండి, పాత శీర్షిక చివర ఫేజ్ 2 అని తగిలించి. లక్ష్యాల్లో మొదటిది ఇలా రాయండి: ఇప్పటికే ఉన్న లింకుల్లోని దోషాలను గుర్తించి సవరించడం. మూడేళ్లకు బడ్జెట్ అడగండి, ఇద్దరు జేఆర్‌ఎఫ్‌లు, ఒక సర్వర్, ఒక విదేశీ ప్రయాణం. పాత లింకుల ఫైలును మాత్రం పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంచుకోండి. సవరించాల్సినవి ఎన్ని ఉన్నాయో కమిటీకి చూపించడానికి అదొక్కటే ఆధారం.